బండి కింద చుక్క లేదు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు ముందు నాకు నవ్వొచ్చింది. ఆర్టీసీ గ్యారేజీలో పనిచేసేవాడిని. చేతికి స్పానరు అలవాటు గానీ కలం అలవాటు తప్పి చాలా ఏళ్ళయింది. కవిత రాద్దామంటే రాదు. "విద్య యొక్క ప్రాముఖ్యత" మీద రాద్దామంటే అది ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. అందుకని నాకు తెలిసిన ఒక్క సంగతి రాస్తున్నాను. ఇది ఒక పాత బండికి డీజిల్ పైపులు మార్చిన కథ. మా నాన్న కథ కూడా ఇదే. చివర్లో ఇంకొకరితో చెప్పుకోవలసిన మాట ఒకటుంది. ఓపిగ్గా చదవమని కోరుతున్నాను.

నేను 2001 నుంచి 2006 దాకా పెదకాకానిలో సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి పదో తరగతి దాకా చదివాను. ట్రంకు పెట్టె, పళ్ళెం, గ్లాసు, దుప్పటి. మీకు తెలిసిన ఆస్తే అప్పట్లో నాదీను. పదయ్యాక గుంటూరులో ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడులో చేరాను. రోజూ మా పల్లె నుంచి బస్సు మీద పోయి వచ్చేవాడిని. మా నాన్న డ్రైవరు. సొంత బండి కాదు. మా మండలంలోనే ఒక ఆసామి దగ్గర పాత డీజిల్ పికప్ తోలేవాడు. 1996 మోడల్. మిరపకాయల సీజన్లో పల్లెల నుంచి గుంటూరు యార్డుకు టిక్కీలు, యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీలకు మళ్ళీ టిక్కీలు, దానికి ముందు పత్తి బోరేలు. ఏ సరుకూ లేని రోజుల్లో ఎరువుల కట్టలు. ఏడాది పొడుగునా ఆ బండికి విశ్రాంతి లేదు, నాన్నకూ లేదు.

ఆ బండికి కంపెనీ ఇచ్చిన ట్యాంకు ఒకటే, ఎడమ పక్కన. 2006 దసరాకు ఆసామి పాత లారీది ఒక ట్యాంకు కొనుక్కొచ్చి కుడి పక్కన రెండోది బిగించాడు. దూరపు కిరాయిలకు పోయినప్పుడు మధ్యలో బంకు కోసం వెతుక్కునే పని లేకుండా ఉంటుందని ఆయన ఆలోచన. బిగించింది ఎవరో పాత ఇనుము దగ్గర పనిచేసే ఫిట్టరు. రెండు ట్యాంకుల పైపులూ ఒక మూడు దారుల కాక్‌కు కలిపి, అక్కడి నుంచి ఒక్క పైపు ఇంజనుకు పెట్టాడు. కాక్ ఇటు తిప్పితే ఎడమ ట్యాంకు, అటు తిప్పితే కుడి ట్యాంకు. చూడ్డానికి బాగానే ఉంది. అందరూ మెచ్చుకున్నారు.

సంక్రాంతి వెళ్ళాక లెక్క తప్పడం మొదలయింది. అంతకు ముందు లీటరుకు పదకొండు కిలోమీటర్లు వచ్చే బండి తొమ్మిదికి, ఫిబ్రవరి నాటికి ఎనిమిదికి దిగింది. రోజుకు నూటపది కిలోమీటర్లు తిరిగే బండి. పది లీటర్లు పట్టవలసిన చోట దాదాపు పద్నాలుగు లీటర్లు పడుతోంది. డీజిల్ అప్పటికే లీటరు ముప్ఫై రూపాయలు దాటింది. అంటే రోజుకు నూరు రూపాయలకు పైగా ఎటో పోతున్నాయి.

ఆసామి రెండో ట్యాంకులో తనే దగ్గరుండి డీజిల్ పోయించి, ఒక బద్ద ముంచి గుర్తు పెట్టుకునేవాడు. సాయంత్రం మళ్ళీ బద్ద ముంచి చూస్తే ఆయన అనుకున్న దానికంటే చాలా ఎక్కువ దిగి ఉండేది. బండి నిలిపిన చోట వంగి చూసేవాడు. నేల పొడిగా ఉండేది. ఒకరోజు పదిమందిలో అన్నాడట: "బండి కింద చుక్క లేదు. మరి డీజిల్ ఎటు పోయిందయ్యా? ఆవిరయిందా?"

డ్రైవరు మీద పడే అనుమానం ఎప్పుడూ ఒకటే. పైపు పెట్టి తీసి అమ్ముకుంటున్నాడని. పైగా నాన్న చొక్కా ఎప్పుడూ డీజిల్ వాసన కొట్టేది. అదే సాక్ష్యమయింది. ఫిబ్రవరి జీతం మూడు వేలలో తొమ్మిది వందలు పట్టుకుని, గుమస్తా చేత పుస్తకంలో నాన్న పేరు కింద "డీజిల్ బాకీ" అని రాయించాడు. నాన్న "నేను తియ్యలేదయ్యా" అన్నాడట. రెండోసారి అనలేదు. మా పల్లె మనుషుల మీద ఇలాంటి మాట తేలిగ్గా అతుక్కుంటుందని, గట్టిగా అరిస్తే ఇంకా గట్టిగా అతుక్కుంటుందని నాన్నకు తెలుసు.

ఇక్కడ నేను దాచకుండా ఒక మాట రాయాలి. ఆ నెలలోనే నాకు ఐటీఐకి బూట్లు, ఖాకీ బట్టలు, పరీక్ష ఫీజు కావలసి వచ్చాయి. జీతంలో కోత పడిన నెల. అయినా నాన్న నాలుగు వందలు తెచ్చి చేతిలో పెట్టాడు. నేను తీసుకుని, ఆగి, "నాన్నా, ఈ డబ్బులు ఎక్కడివి?" అని అడిగాను. మామూలుగా అడిగి ఉంటే బాగుండేది. నేను అడిగిన తీరు మామూలుగా లేదు. నాన్న నా మొహంలోకి చూశాడు. "ఫీజు కట్టెయ్యి" అని లేచి బయటికి పోయాడు.

రెండు రోజుల తరవాత అమ్మ చేతులు చూశాను. వేళ్ళు ఎర్రగా పొంగి ఉన్నాయి. కూలికి పోయి వచ్చాక రాత్రిళ్ళు కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయలకు తొడిమలు తీసే పనికి పోతోందట. కిలోకు ఇంత అని ఇస్తారు. ఆ ఘాటుకు చేతులు రాత్రంతా మండుతాయి, కళ్ళు నులుముకోవడానికి కూడా ఉండదు. ఆ నాలుగు వందలూ ఆ చేతులవి. నాన్న ఆ సంగతి నాతో చెప్పలేదు. కొడుకు దగ్గర కూడా సాక్ష్యం చూపించుకోవాలా అనుకున్నాడేమో.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన హాస్టల్లో జరిగిన ఒక సంగతి గుర్తుకొచ్చింది. అది చివర్లో చెబుతాను.

మరునాడు ఐటీఐలో మా ఇన్‌స్ట్రక్టరు గారిని అడిగాను. "సార్, బండి నిలబడి ఉంటే కింద చుక్క పడదు. అయినా డీజిల్ పోతోంది. ఎట్టా పోతుంది సార్?" ఆయన బోర్డు దగ్గరికి పోయి బొమ్మ గీశారు. తమ్ముళ్ళారా, ఆ బొమ్మ మీకూ మాటల్లో చెబుతాను. ఎందుకంటే ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది.

డీజిల్ బండిలో పైపులు మూడు రకాలు. మొదటిది పీల్చే పైపు. ఇంజను పక్కనున్న ఫీడ్ పంపు ట్యాంకులోంచి డీజిల్‌ను పీలుస్తుంది. ఈ పైపుకు చిల్లి పడితే బండి నడిచేటప్పుడు డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. పొద్దున్నే స్టార్టు కాదు, ఎక్కుడులో గుటకలు మింగినట్టు ఆగి ఆగి పోతుంది. రెండోది నెట్టే పైపు. ఫీడ్ పంపు నుంచి ఫిల్టరుకు, ఫిల్టరు నుంచి పెద్ద పంపుకు, అక్కడి నుంచి నాజిళ్ళకు. ఇక్కడ లీకైతే ఇంజను మీదే తడి కనిపిస్తుంది. మూడోది ఎవరూ పట్టించుకోనిది, తిరిగొచ్చే పైపు. రిటర్న్ పైపు అంటారు. ఫీడ్ పంపు ఎప్పుడూ ఇంజనుకు కావలసినదానికంటే ఎక్కువే పంపిస్తుంది. మిగిలింది, నాజిళ్ళ దగ్గర ఊరింది, అంతా ఈ పైపులోంచి తిరిగి ట్యాంకుకు పోతుంది. ఇంజను నడిచినంత సేపే అందులో డీజిల్ పారుతుంది. ఇంజను ఆపితే పారడం ఆగిపోతుంది.

బొమ్మ పూర్తిచేసి సారు అన్నారు: "నిలబడ్డ బండి కింద చుక్క లేదంటే లీకు లేదని కాదురా. నడిచే బండి కింద చూడలేదని."

ఆ మాట నేను ఈ రోజుకీ మరిచిపోలేదు.

ఇంకో ప్రశ్న కూడా ఆయనే వేశారు. "రెండో ట్యాంకు బిగించినప్పుడు రిటర్న్ పైపు ఎక్కడ కలిపారు?" నాకు తెలియదన్నాను. "పోయి చూడు" అన్నారు.

ఆదివారం యార్డుకు సెలవు. నాన్న ఆసామి దగ్గరికి పోయి, "అయ్యా, ఈ ఆదివారం బండి మా ఇంటి కాడ పెట్టుకుంటాను. పైపులు చూసుకుంటాం" అన్నాడు. "చూసుకో. సామాను ఖర్చు మాత్రం నీదే" అన్నాడాయన. నాన్న సరేనన్నాడు.

పెదకాకాని సంగతి మీకు తెలుసు. ఆదివారమొస్తే శివాలయం దగ్గర కొత్త బండ్లు పూజలకు బారులు తీరతాయి. కార్లు, ట్రాక్టర్లు, మోటారు సైకిళ్ళు. పూలదండలు, చక్రాల కింద నిమ్మకాయలు. ఆ రోజు మేం ఆ బార్ల పక్క నుంచే మా పాత బండిని పల్లెకు తోలుకొచ్చాం. నాన్న అటు చూసి, "దీనికీ ఒకప్పుడు దండ వేసుంటారు" అన్నాడు. ఆ నెలలో నాన్న నవ్వడం అదే చూశాను.

వేపచెట్టు కింద చదునైన చోట బండి నిలిపి, నాలుగు చక్రాలకూ రాళ్ళు అడ్డం పెట్టాం. మొదట నేను చేసింది కడగడం. చాసీ కింద మూడు నెలల బురద, దుమ్ము, డీజిల్ కలిసి గట్టిపడి తారులాగా పట్టుకుని ఉంది. ఆ మట్టి తీసి వాసన చూస్తేనే సగం సంగతి తెలిసిపోయింది. కారిన డీజిల్‌ను ఆ మట్టి తాగేస్తోంది, మిగిలింది రోడ్డు మీద చిమ్ముకుంటూ పోతోంది. ఇంటికొచ్చేసరికి కింద పడటానికి చుక్క మిగలడం లేదు. నాన్న చొక్కా వాసన ఎక్కడిదో కూడా అర్థమైంది. తెల్లారి చక్రాలు, పట్టీలు చూసుకోవడానికి రోజూ ఆ బండి కింద దూరేది ఆయనే కదా.

సర్ఫు నీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, ఎండలో ఆరనిచ్చాం. తరవాత అమ్మను ముగ్గు పిండి అడిగాను. "బండికి ముగ్గేంట్రా?" అంది. పైపుల పొడుగునా ఆ పొడి పిండి చల్లి, ఇంజను స్టార్టు చేసి, నాన్నను కాలు కొంచెం నొక్కి ఉంచమన్నాను. కాక్ కుడి ట్యాంకుకు తిప్పి ఉంచాం. నేను పక్కన పడుకుని టార్చి వేసి చూస్తున్నాను. అయిదు నిమిషాలు ఏమీ లేదు. గుండె దడదడలాడింది. ఏమీ కనిపించకపోతే? అప్పుడు నాన్న గురించి నేను ఏమనుకోవాలి?

ఆరో నిమిషమో ఏడో నిమిషమో, రెండో ట్యాంకును పట్టి ఉంచే ఇనప పట్టీ దగ్గర తెల్లటి పిండి మీద నల్లటి మచ్చ ఒకటి పుట్టింది. చూస్తుండగానే అది పెద్దదై, గీతయి, కిందికి జారింది. కొత్త ట్యాంకు పట్టీ అంచు రిటర్న్ పైపుకు ఆనుకుని ఉంది. బండి అదిరినప్పుడల్లా ఆ అంచు ఆకురాయిలాగా పైపును రాచింది. దసరా నుంచి సంక్రాంతి దాకా రాచి రాచి చిల్లి పెట్టింది. ఆ చిల్లి పట్టీకి వెనక, పై వైపున ఉంది. కింద నుంచి ఎంత చూసినా కనపడదు.

"నాన్నా, ఆపు. దిగి రా" అన్నాను. నాన్న నా పక్కనే నేల మీద పడుకుని టార్చి వెలుగులో ఆ తడి గీతను చూశాడు. చాలాసేపు చూశాడు. ఏమీ మాట్లాడలేదు. వేలితో ఆ చుక్కను తుడిచాడు. మళ్ళీ ఊరింది.

సారు అడిగిన రెండో ప్రశ్నకు జవాబు కూడా అక్కడే దొరికింది. ఫిట్టరు పీల్చే పైపుకే కాక్ పెట్టాడు. రిటర్న్ పైపును ముట్టుకోలేదు. అంటే కాక్ ఎటు తిప్పినా, తిరిగొచ్చే డీజిల్ ఎప్పుడూ ఎడమ ట్యాంకులోకే పోతోంది. కుడి ట్యాంకు మీద బండి నడిపితే ఇంజను తాగినదీ, తిరిగి పోయినదీ రెండూ కుడి ట్యాంకులోంచే తగ్గుతాయి. ఎడమది నిండుతుంది. అది అప్పటికే నిండుగా ఉంటే మూత దగ్గర నుంచి పొంగి రోడ్డు పాలవుతుంది. ఆసామి బద్ద ముంచి చూసేది కుడి ట్యాంకులోనే. అందులో లెక్కకు మించి దిగిపోవడం నిజమే. ఆయన బద్ద అబద్ధం చెప్పలేదు. ఆయన ఒక్క ట్యాంకే చూశాడు, అంతే. ఎడమ ట్యాంకు ముల్లు ఎప్పుడూ నిండుగా చూపించడం నాన్న గమనించాడు గానీ, ఆ పాత గేజీని ఎవరు నమ్ముతారు?

అమెరికాలో 1980లలో ఫోర్డ్ వంటి కంపెనీలు పికప్ బండ్లకు తామే రెండు ట్యాంకులు బిగించి అమ్మేవని నేను తరవాత తెలుసుకున్నాను. వాటిలో డాష్‌బోర్డు మీద మీట మారిస్తే ఇంజనుకు పోయే దారీ, తిరిగొచ్చే దారీ రెండూ ఒకేసారి మారేలా వాల్వు పెట్టేవారు. అక్కడ ఇంజనీర్లు ఆలోచించి చేసిన పనిని ఇక్కడ సగం చేసి వదిలేస్తే ఆ మిగతా సగం మా నాన్న పేరు మీద పడింది.

ఆ వారం నాన్న ఎవరి దగ్గరో చేబదులు తెచ్చాడు. ఆటోనగర్ పోయి సామాను తెచ్చుకున్నాం. పాత పైపుల కొలతకు సరిపోయే ఇనప పైపు, డీజిల్‌కు తట్టుకునే రబ్బరు గొట్టం, కొత్త క్లిప్పులు, రాగి వాషర్లు, రిటర్న్ కోసం ఇంకో మూడు దారుల కాక్. మొత్తం ఆరు వందల నలభై రూపాయలు. షాపులో ఒకాయన నీళ్ళ మోటారు గొట్టం చూపించి సగం ధరకే ఇస్తానన్నాడు. వద్దన్నాను. మామూలు రబ్బరు డీజిల్ తాగి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, కొన్నాళ్ళకు లోపలి పొర ఊడి ఫిల్టరుకు అడ్డం పడుతుంది.

తరవాతి ఆదివారం పని మొదలుపెట్టాం. తమ్ముళ్ళలో మెకానిక్ ట్రేడు చదివేవాళ్ళు ఉంటారు కాబట్టి వరస చెబుతాను. మొదట బ్యాటరీ వైరు తీసేశాం. చుట్టుపక్కల బీడీ కాల్చవద్దని చెప్పి, బకెట్టుతో ఇసుక దగ్గర పెట్టుకున్నాం. డీజిల్ పెట్రోలంత తేలిగ్గా అంటుకోదని అందరూ ధీమాగా ఉంటారు. మన దేశంలో డీజిల్‌కు పెట్టిన ఫ్లాష్ పాయింటు కనీసం 35 డిగ్రీలే. ఆ వేడి దగ్గర పైకి లేచే ఆవిరికి నిప్పు తగిలితే భగ్గుమనవచ్చు. గుంటూరు ఎండలు దానికి ఎంత మించి ఉంటాయో మీకు చెప్పనక్కరలేదు.

ట్యాంకుల్లో డీజిల్‌ను గుడ్డ వడకట్టి డబ్బాల్లోకి తీశాం. పాత పైపు ఒక్కటి కూడా విప్పకముందే వాటికి దారాలు కట్టాను. పీల్చేవాటికి ఎర్ర దారం, తిరిగొచ్చేవాటికి తెల్ల దారం. విప్పాక అన్నీ ఒకేలా కనిపిస్తాయి, అప్పుడు తలకొట్టుకున్నా లాభం లేదు. పాత రబ్బరు గొట్టాలు చేతితో వంచి చూస్తే ఎండిన చెరువు మట్టిలా పగుళ్ళు విచ్చుకున్నాయి. చిల్లి ఒక్కటే అతికించి వదిలేద్దామని నాన్న అన్నాడు. "నాన్నా, ఒకటి పోయిందంటే మిగతావాటి వయసూ అంతే" అన్నాను. అన్నీ మార్చాం.

కొత్త పైపును పాత పైపు పక్కన పెట్టి, అదే వంపు వచ్చేలా ఒక పాత పుల్లీ చుట్టూ మెల్లగా వంచాం. పైపు నలగకుండా ఉండటానికి కొందరు ఇసుక నింపి వంచుతారు. డీజిల్ పైపులో ఒక్క ఇసుక రేణువు మిగిలినా పంపు, నాజిళ్ళు పాడవుతాయి కాబట్టి ఆ పని చేయలేదు. పైపును చాసీకి బిగించే ప్రతి చోటా రబ్బరు ముక్క పెట్టాం. ఆ ఇనప పట్టీకి పైపు రెండు వేళ్ళ దూరంలో పోయేలా దారి మార్చాం. రాగి వాషర్లు పాతవి మళ్ళీ వాడలేదు.

ఇక కాక్‌లు. పీల్చేదాని పక్కనే రిటర్న్‌కు రెండోది బిగించాం. కానీ ఒకటి తిప్పి రెండోది మరిచిపోతే మళ్ళీ అదే తంటా కదా. నాన్న కాసేపు ఆలోచించి, రెండు పిడులకూ ఒక ఇనప బద్ద అడ్డంగా కలిపాడు. ఒకటి తిప్పితే రెండూ తిరుగుతాయి. ఆ ఆలోచన నాది కాదు, ఏ ఐటీఐకీ పోని మా నాన్నది. నేను చెప్పింది ఒక్కటే, రిటర్న్ కాక్‌కు మూసుకుపోయే స్థానం ఉండకూడదని. ఎటు తిప్పినా ఏదో ఒక ట్యాంకుకు దారి తెరిచి ఉండాలి. లేకపోతే తిరిగొచ్చే డీజిల్‌కు దారి లేక బలహీనమైన చోట పగులుతుంది.

చివరిది గాలి తీయడం. పైపులన్నీ ఖాళీ అయ్యాయి కాబట్టి లోపలంతా గాలే. ఫిల్టరు మీది స్క్రూ కొంచెం వదులు చేసి, ఫీడ్ పంపు మీద చేతి పంపు కొడుతూ పోతే మొదట నురగ వస్తుంది, తరవాత బుడగలు, ఆ తరవాత బుడగ లేని డీజిల్. అప్పుడు బిగించి, పెద్ద పంపు దగ్గర మళ్ళీ అలాగే. ఆఖరికి నాజిల్ నట్లు కొంచెం వదులు చేసి సెల్ఫ్ కొడితే అక్కడ మిగిలిన గాలి కూడా పోతుంది. ఇది పాత బండ్ల పద్ధతి. ఇప్పటి కామన్ రైల్ బండ్లలో ఆ నట్లు వదులు చేయకండి. అక్కడి ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. లీకు ఉందేమోనని చేత్తో తడిమి చూడటం ఏ బండిలోనూ చేయకండి.

మూడో సెల్ఫ్‌కు బండి అందుకుంది. మళ్ళీ ముగ్గు పిండి చల్లి, అరగంట నడిపించాం. కుడి ట్యాంకు మీద పావుగంట, ఎడమ ట్యాంకు మీద పావుగంట. పిండి తెల్లగానే ఉంది. అమ్మ వంగి చూసి, "ఇదేదో సంక్రాంతి ముగ్గల్లే ఉందే" అంది.

నాన్నతో ఒక పని చేయించాను. రెండు ట్యాంకులూ మూతి దాకా నింపి, మీటరు రాసుకుని, వారం తిరిగాక మళ్ళీ మూతి దాకా నింపి, ఎన్ని లీటర్లు పట్టిందో రాసుకోమన్నాను. బద్ద లెక్క కాదు, రెండు ట్యాంకుల లెక్క. మొదటి వారం పదకొండుకు కొంచెం తక్కువ. రెండో వారం పదకొండు. మూడో వారం పదకొండు.

ఆ లెక్క కాగితమూ, చిల్లి పడ్డ పాత పైపు ముక్కా పట్టుకుని నాన్నా నేనూ ఆసామి ఇంటికి పోయాం. నాన్న ఆ ముక్కను అరుగు మీద పెట్టాడు. ఆయన తీసుకుని, తిప్పి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూశాడు. చిల్లిలోంచి వెలుతురు కనిపించింది. "ఊఁ" అన్నాడు. గుమస్తాను పిలిచి, మార్చి నెలకు నాన్న పేరు కింద రాసిన బాకీ కొట్టేయమన్నాడు. సామానుకని మూడు వందలు ఇచ్చాడు. ఫిబ్రవరిలో పట్టుకున్న తొమ్మిది వందల మాట ఎత్తలేదు. "రేపు తెల్లారగట్ట ప్రత్తిపాడు లోడుంది" అన్నాడు. "అట్టాగే అయ్యా" అన్నాడు నాన్న.

దారిలో నాకు కోపం ఆగలేదు. "తప్పయిందని ఒక్క మాట అనలేదేంటి నాన్నా?" అన్నాను. నాన్న కొంత దూరం నడిచి, "పుస్తకంలో గీత గీయించాడు, చూశావుగా. గుమస్తా చూశాడు. అక్కడున్న ఇద్దరు రైతులు చూశారు. నాకు అది చాలు" అన్నాడు. మళ్ళీ కొంత దూరం పోయాక, "ఆ పైపు ముక్క అక్కడే వదిలిపెట్టొచ్చాను. పొద్దున్నే లేచి చూసుకుంటాడు" అన్నాడు.

నాన్న 2015లో స్టీరింగు వదిలేశాడు, చూపు ఆనక. ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటున్నాడు. ఒకరోజు అన్నం తింటూ నేను ధైర్యం చేసి చెప్పాను: "నాన్నా, ఆ నాలుగు వందలప్పుడు నేను కూడా అనుమానించాను." నాన్న చెయ్యి ఆపకుండానే, "నాకు ఆ రోజే తెలుసురా" అన్నాడు. "మరి కోపం రాలేదా?" అన్నాను. "వచ్చింది. అందుకే బయటికి పోయి కూర్చున్నా. మళ్ళీ నువ్వే గదా బండి కింద దూరింది" అన్నాడు. అంతే. మజ్జిగ పోయమన్నాడు.

ఇప్పుడు చివర్లో చెబుతానన్న సంగతి.

మన హాస్టల్లో నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నా జామెట్రీ బాక్సు కనపడలేదు. కొత్తది, నాన్న కొనిచ్చింది. నా పక్కన పడుకునే ఏడో తరగతి తమ్ముడు ఒకడు అంతకు ముందు రోజు దాన్ని అడిగి తీసుకుని ఇచ్చాడు. అంతకంటే ఆధారం లేదు. అందరి ముందూ నేను వాడి ట్రంకు పెట్టె తెరిపించాను. బట్టలన్నీ తీసి కింద పరిచాను. ఏమీ లేదు. వాడు ఏడవలేదు. బట్టలు ఒక్కొక్కటే మడత పెట్టుకున్నాడు. అయినా ఎక్కడో దాచేశావని అన్నాను. పది రోజుల తరవాత నా పెట్టె అడుగున పరిచిన పాత క్యాలెండరు కాగితం కింద ఆ బాక్సు దొరికింది. నేను ఎవరికీ చెప్పలేదు. కొత్తది కొనుక్కున్నానని అబద్ధం చెప్పాను. వాడు ఆ ఏడాది చివర హాస్టల్ మారిపోయాడు.

ఆసామి తప్పయిందని అనలేదని నాకు కోపం వచ్చింది. ఆయన కనీసం అందరి ముందూ పుస్తకంలో గీత గీయించాడు. నేను అది కూడా చేయలేదు.

తమ్ముళ్ళారా, ఇన్నేళ్ళ గ్యారేజీ పనిలో నాకు అర్థమైంది చెబుతాను. ఏదైనా లెక్క తప్పినప్పుడు ముందు పైపులు చూడండి, తరవాత మనుషుల్ని చూడండి. ఒక్క ట్యాంకులోనే బద్ద ముంచి లెక్క తేల్చకండి. మీ మీదే ఎవరైనా మాట వేస్తే అరిచి గెలవాలని చూడకండి, భయపడి ఊరుకోకండి కూడా. మీటరు రాసుకోండి, లీటర్లు రాసుకోండి, తేదీ వేసుకోండి. మనలాంటివాళ్ళకు చదువు చేసే మేలుల్లో ఇదొకటి. మన మాట ఎవరూ నమ్మని చోట మన కాగితం మాట్లాడుతుంది.

ఆ ఏడో తరగతి తమ్ముడు ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. పేరు రాస్తే మళ్ళీ పదిమందిలో పెట్టినట్టవుతుంది కాబట్టి రాయడం లేదు. ఈ సంచిక అతని చేతికి వస్తే, అతనికే తెలుస్తుంది. తమ్ముడూ, ఆ బాక్సు నా పెట్టెలోనే ఉంది. నువ్వు తియ్యలేదు. తప్పు నాది. నీ బట్టలు అందరి ముందూ కింద పరిచాను కాబట్టి ఈ మాట కూడా అందరి ముందే రాస్తున్నాను. నన్ను క్షమించు.

— 2001–2006 పూర్వ విద్యార్థి